పంతులు లేని తొట్టెల: హనుమకొండలో ఒక పాపకు పేరు పెట్టిన తీరు (కేస్ స్టడీ)

పాప నవంబరు రెండో వారంలో పుట్టింది. తల్లిది హనుమకొండ, తండ్రిది తెనాలి పక్క ఊరు. ఇద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. పాపకు పేరు పెట్టే వేడుక ఘనంగా జరగాలి, కానీ పురోహితుడు, పంచాంగం, మంత్రం, హారతి వద్దన్నది వాళ్ల కోరిక. రెండు వైపులా పెద్దలు నలుగురూ రోజూ దీపం పెట్టుకునేవాళ్లే. పిలుపులు ఎనభై అయిదు మందికి. వేదిక అమ్మమ్మ వాళ్ల అపార్ట్‌మెంట్‌లోని కమ్యూనిటీ హాలు. ఇలాంటి వేడుకలకు వరుస, మాటలు రాసిపెట్టేది మేం. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం, పాప పేరు కూడా ఇక్కడ రాయడం లేదు.

వేడుకకు ఏ పేరు పెట్టాలన్న దగ్గరే మొదటి మాటా మాటా వచ్చింది. తెనాలి వాళ్లు బారసాల అంటారు, హనుమకొండ వాళ్లు తొట్టెల అంటారు. ఈ రెండు మాటల్లో దేవుడెక్కడా లేడు. బాలసారె నుంచి బారసాల వచ్చింది, తొట్టెల అంటే ఊయల. కొత్త పేరు కోసం వెతికి 'నామకరణోత్సవం' లాంటి బరువైన మాట తెచ్చిపెట్టడం కంటే ఉన్న మాటలే వాడుకోవడం నయం. పిలుపులో 'మా పాప తొట్టెల, బారసాల' అని రెండూ వేశారు. ఎవరింటి మాట వాళ్లకు దొరికింది.

రెండు జాబితాలు

మొదటి రోజు తల్లిదండ్రులు తెచ్చిన కాగితంలో 'వద్దు' కింద పదకొండు అంశాలున్నాయి. 'కావాలి' కింద రెండే ఉన్నాయి: భోజనం, ఫొటోలు. మతం లేని వేడుకలు దెబ్బతినేది ఇక్కడే. తీసెయ్యడం సులువు. తీసేసిన చోట ఏమీ పెట్టకపోతే ఎనభై అయిదు మంది వచ్చి, కవరు చేతిలో పెట్టి, తిని వెళ్లిపోతారు. పెద్దవాళ్లు ఆ ఖాళీని చూసి 'ఏదీ జరగలేదు' అనుకుంటారు. ఆ మాటలో న్యాయముంది, నిజంగానే ఏదీ జరిగి ఉండదు.

పాత బారసాలను దేవుడి వైపు నుంచి కాక మనుషుల వైపు నుంచి చూస్తే అది పనుల పంపకం. బియ్యంలో పేరు రాసేది తండ్రి. చెవిలో పేరు చెప్పేది కన్నవాళ్లు. ఊయలలో వేసేది మేనత్తో అమ్మమ్మో, ఊరిని బట్టి, ఇంటిని బట్టి. బట్టలు, వెండి గ్లాసు మేనమామ తెస్తాడు. జోల పాడేది ముత్తైదువలు. అక్షింతలు వేసేది వచ్చినవాళ్లందరూ. పురోహితుడు మధ్యలో ఉండి ఎవరి వంతు ఎప్పుడో చెబుతాడు. ఆయన్ని తీసేస్తే పోయేది మంత్రం ఒక్కటే కాదు, వరుస చెప్పే గొంతు కూడా పోతుంది. అందుకని ఒక పెద్ద కాగితం మీద మూడు గళ్లు గీసి ప్రతి చుట్టాన్నీ అందులో రాశాం: ఈ మనిషి ఎక్కడ ఉంటారు, చేతిలో ఏముంటుంది, నోట ఏ మాట వస్తుంది. ఏ గడి ఖాళీగా ఉన్నా ఆ మనిషి దగ్గర గొడవ పుడుతుందని లెక్క. ఈ కేసులో ఒక గడి ఖాళీగా వదిలేశాం. గొడవ సరిగ్గా అక్కడే వచ్చింది, అది తర్వాత చెబుతాను.

పెద్దలతో విడివిడిగా మాట్లాడటం తప్పనిసరి. నలుగురినీ ఒకచోట కూర్చోబెడితే ఒకరి ముందు ఒకరు పట్టు పడతారు. హనుమకొండ అమ్మమ్మ అడిగింది ఒక్కటే: "పంతులు లేకుంట చేస్తే నలుగురేమనుకుంటరు?" ఆమె భయం దేవుడి గురించి కాదు, చుట్టాల గురించి. తెనాలి నానమ్మ వేరే దారిన వచ్చారు: "పంతులుగారు లేకపోతే లేకపోయారు, పేరు మాత్రం మూడుసార్లు చెవిలో చెప్పాలమ్మా." చెవిలో పేరు చెప్పడాన్ని తల్లిదండ్రులు 'వద్దు' జాబితాలో రాసుకున్నారు. ఎందుకని అడిగితే వాళ్ల దగ్గర కారణం లేదు. అది కావాలి జాబితాలోకి మారింది. బియ్యం కూడా అలాగే మారింది. బియ్యం అన్నం, మతం కాదు. వద్దన్నవాటిలో చివరికి మిగిలినవి మంత్రం, పసుపుతో గీసే గుర్తులు, హారతి, నక్షత్రం, తేనె.

తేనె, కాటుక, అక్షింతలు

ఇందులో తేనె సంగతి మతానికి సంబంధించింది కాదు. బంగారపు ఉంగరాన్ని తేనెలో ముంచి నాలుకకు రాయడం చాలా ఇళ్లలో ఉంది. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తలేవు గాని పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. మరిగించినా ఆ బీజాలు చావవు. ఆరు నెలల వరకూ తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దన్న నియమం ఎలాగూ ఉంది. వస కూడా అంతే. ఇది 'మేం నమ్మం' అని చెబితే పెద్దలు వినరు, 'పిల్లల డాక్టరు వద్దన్నారు' అంటే వింటారు. ఆ మాట డాక్టరు చేతే, పాపను చూపించడానికి వెళ్లినప్పుడు అమ్మమ్మ ఎదురుగా చెప్పించడం మంచిది. ఇక్కడ అలాగే చేశారు, మళ్లీ ఆ ప్రస్తావన రాలేదు.

కాటుక మానేశారు, సీసం కలిసిన కాటుకలు బజారులో ఉన్నాయి కనుక. సాంబ్రాణి పొగ మానేశారు. అక్షింతలు కంట్లో, ముక్కులో పడతాయి, కాబట్టి వాటి బదులు దీవెన కార్డులు పెట్టారు.

తేదీ

పదకొండో రోజుకు గానీ ఇరవై ఒకటో రోజుకు గానీ జనం మధ్యకు పాపను తేకూడదని తల్లిదండ్రులు ముందే అనుకున్నారు. అప్పటికి పాపకు పడినవి పుట్టినప్పుడు ఇచ్చే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి మాత్రమే. కోరింత దగ్గు నుంచి కాపాడే పెంటావాలెంట్ మొదటి డోసు ఆరో వారంలో పడుతుంది. రెండోది పదో వారంలో. టీకా వేసిన మర్నాడు పాపకు జ్వరం, చిరాకు ఉండొచ్చు. అందుకని ఆరో వారం టీకా పడి, పదో వారం టీకాకు ముందు వచ్చే ఆదివారం పెట్టారు, జనవరిలో.

పొద్దున 10:30 ఎందుకంటే పాప తొమ్మిదింటికి స్నానం చేసి, పాలు తాగి, పదిన్నర నుంచి గంటసేపు మెలకువగా ఉండేది. డాలస్‌లో ఉన్న బాబాయికి అప్పుడు శనివారం రాత్రి పదకొండు గంటలు, వీడియోలో చూడొచ్చు. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకు గానీ మొదలవదు కనుక నానమ్మకు కూడా అభ్యంతరం లేకపోయింది. పంచాంగం ఎవరూ తెరవలేదు, ఎవరూ ఓడిపోలేదు. ఇలాంటి చోట వాదనకు దిగడం అనవసరం.

పేరు

పేరు వేడుక నాటికి తేలితే చాలదు, మూడు వారాల ముందే తేలిపోవాలి. ఈ ఇంట్లో చివరి వారం వరకూ రెండు పేర్లు నిలబడి ఉన్నాయి, దాంతో కార్డులు ఆలస్యమయ్యాయి. తేల్చడానికి వాడిన పరీక్షలు ఇవి. మేడ మీది నుంచి కింద ఆడుకుంటున్న పిల్లను పిలిచినట్టు గట్టిగా పిలిచి చూడాలి. చివర దీర్ఘం తీయడానికి వీల్లేని పేరు పిలుపుకు లొంగదు. ఇంటిపేరుతో కలిపి చదవాలి, ఇంటిపేరు చివరి అక్షరమూ పేరు మొదటి అక్షరమూ ఒకటైతే రెండూ కలిసిపోయి వినపడతాయి. ముద్దుగా ఎలా కుదిస్తారో ఊహించాలి, జనం ఎలాగూ కుదిస్తారు. ఇంగ్లీషులో ఒకే రకంగా రాయగలగాలి. మన 'త'కు మనం టీ పక్కన హెచ్ పెడతాం, ఉత్తరాదిన అది 'థ' అవుతుంది. 'శ', 'ష', 'స' మూడింటికీ ఎస్ ఒక్కటే రాసేవాళ్లున్నారు, హెచ్ కలిపేవాళ్లున్నారు. దీర్ఘానికి ఒక ఏ రాయాలా రెండు రాయాలా అన్నది జనన ధ్రువపత్రం నుంచి పాస్‌పోర్టు దాకా వెంటాడుతుంది. ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పేరు రాసి ఇద్దరూ సంతకం పెట్టి ఫొటో తీసి దాచుకున్నారు. ఆ తర్వాత ఎవరు ఏ ఫారం నింపినా ఆ ఫొటో చూసే నింపారు.

అమ్మమ్మ ఎవరి దగ్గరో నక్షత్ర పాదం చూపించి ఒక అక్షరం తెచ్చారు. దాన్ని కొట్టిపారేయకుండా, ఇంట్లో ముద్దుగా పిలుచుకునే పేరు ఆ అక్షరంతో మీరే పెట్టుకోండి అన్నారు పాప తల్లి. కాగితాల మీదకు మాత్రం ఒక్క పేరే వెళ్లాలి. రెండు పేర్లు నడిచే పిల్లలకు స్కూల్లో, ఆధార్‌లో వచ్చే తిప్పలు తెలిసినవే.

పేరు ఎంపికలో మన దగ్గర మంచి వరవడి ఉంది. నాస్తికోద్యమకారులు గోరా, సరస్వతీ గోరా తమ పిల్లలకు కాలాన్నే పేర్లుగా పెట్టారు. ఉప్పు సత్యాగ్రహం నాటి 1930లో పుట్టిన కొడుకు లవణం, యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుకు సమరం, తొమ్మిదో సంతానం నవ్. పేరుకు దేవుడు అక్కర్లేదు, కారణం ఉంటే చాలని ఆ ఇల్లు చూపించింది. వేడుకలో తండ్రి చెప్పాల్సింది కూడా ఆ కారణమే.

ఇత్తడి పళ్లెం

బియ్యంలో రాయడం చూడటానికి చిన్న పని. రిహార్సల్‌లో ఎక్కువ సమయం తిన్నది అదే. మొదట పదహారు అంగుళాల స్టీలు పళ్లెంలో రెండు కిలోల సోనా మసూరి పోశారు. రెండు సెంటీమీటర్లకు దగ్గరగా మందం వచ్చింది. వేలితో గీత గీస్తే పక్కల నుంచి గింజలు జారి గీత పూడిపోయింది. పైగా తెల్లటి బియ్యం కింద తెల్లటి స్టీలు, అక్షరం కనపడదు. రెండోసారి అమ్మమ్మ పాత ఇత్తడి తాంబాళం దింపి చింతపండుతో తోమారు. ముప్పావు కిలో బియ్యం మాత్రమే పోసి, పోస్టుకార్డు అంచుతో చదును చేశారు. మందం సెంటీమీటరుకు తక్కువ. ఇప్పుడు వేలు అడుగు దాకా వెళ్లింది, గీసిన చోట ఇత్తడి పసుపుపచ్చగా మెరిసింది. గీత వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లు. ఆ లెక్కన పదహారు అంగుళాల పళ్లెంలో మూడక్షరాలు పడతాయి, నాలుగో అక్షరం ఇరుకు. ఒత్తులున్న పేరైతే బియ్యం పనికిరాదు, పలకా బలపం మేలు.

పేరుకు మూడక్షరాలు, రాయాల్సిన పెద్దలు నలుగురు. నలుగురిలో ఒకరిని ఎలా వదిలేస్తాం? హనుమకొండ తాత చేతులు వణుకుతాయి. "నేను గీస్తే అన్నీ చెదిరిపోతయి" అని ఆయనే తప్పుకోబోయారు. చదివే పని ఆయనకిచ్చారు. ముగ్గురు రాశాక, పాప పేరును హాలులో మొట్టమొదట గట్టిగా పలికే గొంతు ఆయనది. అప్పటిదాకా తల్లిదండ్రులు తప్ప ఎవరూ పైకి అనకూడదని కట్టడి. ముగ్గురు రాసినదానికంటే ఈ వంతు పెద్దదైంది. ఎనభై అయిదు మందికి పళ్లెం కనపడదు కాబట్టి పైన స్టాండుకు ఫోను బిగించి టీవీకి కలిపారు. ట్యూబులైటు మెరుపు ఇత్తడి మీద పడి అక్షరం కనపడకపోతే పళ్లెం కింద ఒక పక్క చిన్న గుడ్డ మడత పెట్టి వంచాలి, కొంచెమే, బియ్యం జారకుండా.

చదివిన మాటలు

మొత్తం ఇరవై నిమిషాలు. స్వాగతం రెండు, పేరు కథ మూడు, బియ్యంలో రాత నాలుగు, చెవిలో పేరు రెండు, తల్లిదండ్రుల మాట మూడు, తోడు పెద్దల (మేనత్త, మేనమామ) మాట రెండు, ఊయల నాలుగు. ఇరవై దాటితే పాప ఓపికా పోతుంది, వెనక వరుసల ఓపికా పోతుంది.

మాటలు అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉండాలి. తెనాలిలో తన ఇల్లు సూతాశ్రమం నుంచి హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహ విధి' రాసి పెళ్లిళ్లు తెలుగులో జరిపించినప్పుడు ఆయన పట్టుబట్టింది దీనికే: కూర్చున్నవాళ్లకు తాము ఏమని మాట ఇస్తున్నారో తెలియాలి. తెనాలి తాతయ్యకు ఆ సంగతి తెలుసు, కాబట్టి ఆయన్ని ఒప్పించే పని పడలేదు.

తల్లిదండ్రులు మొదట రాసుకున్న ప్రమాణంలో "నిన్ను నాస్తికురాలిగా పెంచుతాం" అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేయమని గట్టిగా చెప్పాం. రెండు నెలల పిల్లకు ఒక మతం అంటగట్టడం తప్పని కదా ఈ వేడుక ఇలా చేసుకుంటున్నది, అలాంటప్పుడు ఇంకో ముద్ర ఎందుకు వేయాలి? అలాగే పూజల మీద విమర్శ కూడా వేదిక మీద వద్దు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగం మంది పూజ చేసుకుని వచ్చినవాళ్లు, వాళ్లు పాప కోసం వచ్చారు. చివరికి నిలిచిన పాఠం ఇది. తల్లి ఒక వాక్యం, తండ్రి ఒక వాక్యం చదివారు.

"నీ పేరు మేం పెట్టాం. పెద్దయ్యాక నచ్చకపోతే మార్చుకునే హక్కు నీది."
"నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిస్తే చెబుతాం, తెలియకపోతే తెలియదంటాం."
"నిన్ను కొట్టం. కోపం వస్తే పక్క గదిలోకి మేం వెళతాం."
"నువ్వు ఏది నమ్మాలో, దేన్ని నమ్మకూడదో నువ్వే తేల్చుకుందువు గాని. అప్పటిదాకా చదువు, తిండి, ధైర్యం మా పూచీ."

కొట్టం అన్న వాక్యం దగ్గర హాలు నిశ్శబ్దమైంది. రాసేటప్పుడు ఇలాంటి ఒక్క గట్టి వాక్యమైనా ఉండాలి, 'ప్రేమగా పెంచుతాం' లాంటివి ఎవరి చెవికీ అంటవు.

తోడు పెద్దలుగా మేనత్త, మేనమామ నిలబడ్డారు. బ్రిటన్‌లో హ్యూమనిస్టులు (మతం లేని మానవతావాదులు) జరిపే నామకరణాల్లో గైడ్ పేరెంట్స్ అని ఇలాంటి వాళ్లను ఎంచుకుంటారు. మనకు కొత్తగా ఎంచుకునే పనిలేదు, మేనత్తా మేనమామా పుట్టుకతోనే ఆ స్థానంలో ఉన్నారు. వాళ్లకు కావాల్సిందల్లా చెప్పడానికి ఒక ఖచ్చితమైన మాట. మేనమామ, "అమ్మానాన్నలతో చెప్పలేని మాట ఉంటే నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా ఎత్తుత" అన్నాడు. మేనత్త ఏడాదికి ఒక పుస్తకం, పాప చదవగలిగినా లేకపోయినా, పదహారేళ్లు ఇస్తానంది. మొదటి పుస్తకం ఆ రోజే ఇచ్చింది, మందపాటి అట్టల బొమ్మల పుస్తకం.

ఊయల

హాలు పైకప్పుకు కొక్కెం లేదు. అద్దె స్టీలు స్టాండు, లోపల చెక్క తొట్టె. ముందురోజు అందులో పదికిలోల బియ్యం సంచి పెట్టి అయిదు నిమిషాలు ఊపి చూశారు. ఒక కాలి నట్టు వదులుగా దొరికింది. పూలు బయటి అంచుకే, దారంతో కట్టాలి. గుండుసూది ఒక్కటి కూడా వాడొద్దు, లెక్కపెట్టి తీసినా ఒకటి మిగిలిపోతుంది. లోపల పలచటి గట్టి పరుపు, బిగుతుగా దోపిన నూలు దుప్పటి, అంతే. దిండు, పూలు, బొమ్మలు, జరీ బట్ట లోపలికి రాకూడదు. బెలూన్లు అసలు వద్దు, పగిలితే పాప అదిరిపడుతుంది, ముక్కలు పిల్లల నోట్లోకి పోతాయి.

వచ్చినవాళ్లందరూ ఒక్కొక్క ఊపు ఊపుతారని తండ్రి ముచ్చటపడ్డాడు. మనిషికి పది సెకన్లు వేసుకున్నా ఎనభై అయిదు మందికి పద్నాలుగు నిమిషాలు. దగ్గరివాళ్లు ఎనిమిది మంది ఊపారు, మిగిలినవాళ్లు కార్డు రాశారు. మన జోలపాటల్లో ఎక్కువ రాముడివీ కృష్ణుడివీ. నానమ్మకు వచ్చిన జోల కూడా అలాంటిదే. ఆపలేదు. అది నానమ్మ నోటి పాట, వేడుక పాఠంలో భాగం కాదు, ఊయల ఊగుతుంటే ఆవిడ పాడుకున్నారు. దీనికి ఒప్పుకోని తల్లిదండ్రులు ఉంటారు, వాళ్ల నిర్ణయం వాళ్లది. నాకు మాత్రం ఆ పాటను ఆపి సాధించేదేమీ కనపడలేదు.

తల్లికి సిజేరియన్. పీట మీద కూర్చోబెట్టలేదు, వీపుకు ఆనే చేతుల కుర్చీ వేశారు. పట్టుచీర బదులు మెత్తటి నూలు చీర, పిన్నులు లేకుండా. హాలు పక్క గదిలో గొళ్లెం, ఫ్యాను, నీళ్ల సీసా, పాలిచ్చుకోవడానికి. తలుపు దగ్గర పాప పిన్ని కాపలా.

బెసికిన చోట్లు

జనం సర్దుకునేసరికి 11:05 అయింది. పాప మెలకువ గంటలో సగం స్వాగతానికి ముందే పోయింది. తోడు పెద్దల మాట దగ్గర ఏడుపు అందుకుంది. అప్పటికప్పుడు తల్లి పక్క గదికి వెళ్లింది, హాలు పన్నెండు నిమిషాలు ఆగింది. చేతిలో ఏడు నిమిషాల పొట్టి పాఠం వేరే కాగితం మీద ఉండి ఉంటే (రాత, చెవిలో పేరు, ఒక్క ప్రమాణం, ఊయల) దానికి మారిపోయేవాళ్లం. ఇప్పుడు ప్రతి వేడుకకూ రెండు పాఠాలు రాస్తున్నాం. పిలుపులో భోజనం టైము రాయకుండా '10:15కు కార్డులు రాయడం మొదలు' అని వేస్తే జనం త్వరగా వస్తారని కూడా తేలింది.

స్పీకరు తొట్టె పక్కనే పెట్టారు. మైకు ఆన్ చేయగానే కీచుమని అరిచింది, పాప ఒళ్లంతా అదిరింది. స్పీకరు హాలు వెనక మూడో వంతులో, జనం వైపు తిప్పి ఉండాలి; మైకు పరీక్ష పాప హాల్లోకి రాకముందే అయిపోవాలి.

ఫ్లెక్సీ షాపువాడు తయారైన బ్యానరు ఫొటో తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు, రెండు రోజుల ముందే పేరు సగం ఊరికి తెలిసిపోయింది. తాత గొంతులో మొదట వినాలని దాచిన పేరు అది. బ్యానరు మీద పేరు వేయొద్దు, 'పాప తొట్టెల' చాలు.

ఇక ఆ ఖాళీ గడి. అమ్మమ్మ వాళ్ల అక్క, డెబ్భై దాటిన మనిషి, జనగామ నుంచి వచ్చారు. ఈ కుటుంబంలో ప్రతి తొట్టెలకూ హారతి ఇచ్చేది ఆమే. మూడు గళ్ల కాగితంలో ఆమె పేరే లేదు. ప్రమాణం అవుతుండగా కర్పూరం వెలిగించిన పళ్లెంతో నేరుగా ముందుకు వచ్చారు. అందరి ముందూ ఆపితే అవమానం, ఆపకపోతే తల్లిదండ్రుల మాట పోతుంది, అదీగాక మంట తొట్టె పూలకు అడుగు దూరంలో ఉంది. అమ్మమ్మ లేచి వెళ్లి, "అక్కా, నువ్ బిడ్డను పట్టుకో, పళ్లెం నేను పడత" అని మార్చుకున్నారు. పాప చేతిలోకి రాగానే ఆమె పళ్లెం సంగతి వదిలేశారు. అది అమ్మమ్మ గొప్పతనం, ప్రణాళిక గొప్పతనం కాదు. ఆమెకు ముందే ఫోన్ చేసి, పాపను గదిలోంచి హాల్లోకి ఎత్తుకొచ్చే పని ఇచ్చి ఉంటే పళ్లెం బయటికే వచ్చేది కాదు. ఆ పని అంత పెద్దామెకే తగినది కూడా.

దీవెన కార్డులు వంద చేయించారు, నాలుగు బై ఆరు అంగుళాల మందపాటి కాగితం. పెట్టిన పన్నెండు పెన్నుల్లో సగం జెల్ పెన్నులు, తడి చెయ్యి తగిలి అక్షరాలు అలికిపోయాయి. బాల్‌పెన్నులే పెట్టాలి. ఖాళీ కార్డు చూసి చాలామంది 'శుభాకాంక్షలు' అని ఊరుకున్నారు. పైన ఒక ప్రశ్న అచ్చు వేస్తే రాస్తారు: 'నీకు పద్దెనిమిదేళ్లు వచ్చాక నేను నేర్పగలిగింది...'. ఒక చుట్టం అంచులు తిరిగేలా సకినాలు చుట్టడం అని రాశారు, ఆ కార్డు ఇప్పుడు డబ్బాలో అన్నిటికన్నా పైన ఉంది.

భోజనం గురించి క్లుప్తంగా. బగారా అన్నానికి బియ్యం ఎనిమిది కిలోలు, తెల్లన్నానికి మూడు, పులిహోరకు రెండు. మాంసం తినే యాభై అయిదు మందికి కోడి పది కిలోలు, వేరే బల్ల మీద, వేరే గరిటెలతో. గుత్తివంకాయ, పప్పుచారు, సేమ్యా పాయసానికి పాలు ఎనిమిది లీటర్లు. తెల్లన్నం మిగిలింది, పులిహోర చాలలేదు.

కాగితాలు

వేడుక మతంతో జరిగినా మతం లేకుండా జరిగినా చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. పేరు పుట్టేది రిజిస్ట్రారు పుస్తకంలో. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి, పేరు లేకుండానే చేయించవచ్చు. పేరును 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు. పాప పుట్టింది వరంగల్ మహానగర పాలక సంస్థ పరిధిలో, కాబట్టి పేరు చేర్చే దరఖాస్తు మీసేవ ద్వారా వేడుక మర్నాడే వెళ్లింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు స్కూలుకైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీ, చోటు రుజువు చేసే కాగితం జనన ధ్రువపత్రమే. అందులో ఒక అక్షరం తప్పుపోతే అన్నిచోట్లా తప్పే.

ఆస్పత్రివాళ్లు నింపి పంపే జనన నివేదికలో మతం గడి ఉంటుంది. అది గణాంకాల భాగంలోది, ధ్రువపత్రం మీద అచ్చు కాదు. ఇక్కడ ఆస్పత్రి సిబ్బంది ఇంటిపేరు చూసి అడక్కుండానే నింపేశారు, డిశ్చార్జి హడావుడిలో తండ్రి సంతకం పెట్టేశాడు. ఆ ఫారం డిశ్చార్జికి ముందురోజే అడిగి చదువుకోవాలి. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు, జనన నమోదు దరఖాస్తులో 'మతం లేదు', 'కులం లేదు' అని రాసుకునే వీలు కల్పించమని ఆదేశించింది. కౌంటరు దగ్గర కాదన్నప్పుడు ఆ ఉత్తర్వు ప్రతి చూపించడం పనికొస్తుంది. ఆధార్ మాత్రం పేరు చేరిన ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా ఆపారు. తొందరపడి 'బేబీ ఆఫ్' అని తీసుకుంటే మళ్లీ మార్పించుకోవాలి.

ధ్రువపత్రం వచ్చిన రోజు తల్లి మొదట పాత ఫొటో తీసి, ఇంగ్లీషు స్పెల్లింగు అక్షరం అక్షరం సరిచూసుకుంది. తెలుగులో సరిగ్గా ఉందో లేదో చూడమని కాగితం తాత చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆ రోజు హాల్లో చదివినట్టే గట్టిగా చదివారు.